క్లామ్ లేక్ అడవికి వెళ్ళే మనవలకు

చిరంజీవులు మనవడికీ మనవరాలికీ,

తాతయ్య ఆశీస్సులు. ఈసారి నవంబరు వేటకి మీ ఇద్దరినీ తీసుకుని ఉత్తర విస్కాన్సిన్‌లోని క్లామ్ లేక్ దగ్గరి జాతీయ అడవికి వెళ్తున్నానని మీ నాన్నగారు ఫోనులో చెప్పారు. వినగానే సంతోషమేసింది. ఫోను పెట్టేశాక బెంగ పట్టుకుంది. ఇన్నేళ్ళూ మీరు మాటు వేసింది నా స్నేహితుడి ఎనభై ఎకరాల పొలంలో. ఏ వాగు మలుపులో జింకలు దాటుతాయో, పక్కింటివాళ్ళ పశువుల కొట్టం ఎటుందో కళ్ళు మూసుకున్నా మీకు తెలుసు. ఆ పొలం అమ్ముడైపోయింది. కొన్నవాళ్ళు వేటకి ఒప్పుకోలేదు. వాళ్ళ నేల, వాళ్ళ ఇష్టం. ఇప్పుడు మీరు వెళ్ళేది పదిహేను లక్షల ఎకరాల అడవి. నా మోకాళ్ళు సహకరిస్తే పక్కనే నడుస్తూ చెప్పేవాణ్ణి. అది కుదరదు కాబట్టి రాస్తున్నాను. తెలుగులో రాస్తే మీరు నెమ్మదిగా చదువుతారు, ఈ విషయం నెమ్మదిగానే చదవాలి.

ముందుగా ఒక మాట. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు, అరవై గజాల్లో జింక నిలబడి ఉన్నప్పుడు ఎవరి బుర్రా సరిగ్గా పనిచెయ్యదు. నాదీ చెయ్యలేదు. అందుకే అడవిలో ఏమేం చెయ్యబోమో ఇంట్లో వెచ్చగా కూర్చున్నప్పుడే తేల్చుకోవాలి. నేను రాసేవన్నీ ఆ తేల్చుకోవలసిన సంగతులే.

పబ్లిక్ భూమి అంటే మన ఊళ్ళో పోరంబోకు లాంటిదని నేను వచ్చిన కొత్తలో అనుకున్నాను. ఎవరిదీ కాదు కాబట్టి ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చని. అది తప్పు. మీరు వెళ్ళే ఈ షువామెగన్-నికొలే అడవికి ఒక చరిత్ర ఉంది (పేరు రాసేది ఒకలా, పలికేది ఇలా). 1900 నాటికి ఉత్తర విస్కాన్సిన్‌లో పెద్ద పైన్ చెట్లన్నీ దాదాపు నరికేశారు. మోళ్ళు మిగిలిన ఆ నేలని రైతులకి అమ్మారు. చలికాలం పొడుగు, మట్టి సారం తక్కువ. పాపం, వాళ్ళు నిలదొక్కుకోలేకపోయారు, పన్ను కట్టలేక వదిలేశారు. 1911లో వచ్చిన చట్టం ఇలాంటి భూములు కొనే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. 1933లో షువామెగన్, నికొలే రెండూ జాతీయ అడవులయ్యాయి. నిరుద్యోగ యువకుల చేత మళ్ళీ మొక్కలు నాటించారు. మీరు వెన్ను ఆనించి కూర్చునే పైన్ చెట్టుని మీకంటే కాస్త పెద్ద కుర్రాడెవరో పాతి ఉండొచ్చు.

అంతకు ముందు కూడా అది ఖాళీ నేల కాదు. ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వే జనం ప్రభుత్వంతో చేసుకున్న 1837, 1842 ఒప్పందాల్లో భూమి వదులుకున్నారు గానీ అక్కడ వేటాడే, చేపలు పట్టే హక్కు ఉంచుకున్నారు. 1983లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ హక్కు చెల్లుతుందని తీర్పిచ్చింది. వాళ్ళ వేటకాలం, వాళ్ళ నియమాలు వేరే ఉంటాయి. మీ సీజను కాని రోజున ఒక ఓజిబ్వే వేటగాడు కనబడితే దొంగవేట అనుకోకండి.

ఇక మ్యాపు. ఫోనులో ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, సిగ్నల్ లేకపోయినా పనిచేసేలా ముందే దించుకోండి కూడా. కానీ చలికి బ్యాటరీ ఎంత త్వరగా పడిపోతుందో మీరింకా చూడలేదు. కాగితం మ్యాపు కొనండి, 1:24,000 కొలతది. భోజనాల బల్ల మీద పరిచి ముగ్గురూ ఒక సాయంత్రమంతా దాని ముందు కూర్చోండి. ఎత్తు గీతలు దగ్గరగా ఉన్నచోట నిటారు వాలు, విడిగా ఉన్నచోట చదును. రెండు గుట్టల మధ్య జీను ఆకారంలో వంగిన చోటుందా? జింకలు కూడా మనలాగే సులువు దారి వెతుక్కుంటాయి, అక్కణ్ణుంచి దాటుతాయి. చిత్తడినేల గట్టుని ఆనుకునే చోటు మరోటి. ఏడెనిమిదేళ్ళ క్రితం కలప కొట్టిన చోట ఆస్పెన్ మొక్కలు చేతికర్రల్లా ఒత్తుగా లేస్తాయి. అక్కడ మేతా దొరుకుతుంది, దాగే చోటూ దొరుకుతుంది. ఇలాంటివి ఒకటి కాదు, నాలుగు గుర్తు పెట్టుకోండి. పబ్లిక్ భూమిలో ముందొచ్చినవాడిదే చోటు. తెల్లవారుజామున మీరు ఎంచుకున్న దారి మొదట్లో ఒక బండి ఆగి ఉంటే మారుమాట్లాడకుండా రెండో చోటికి వెళ్ళండి.

అదే మ్యాపు మీద పొలిమేరలు ఎర్ర సిరాతో గీయండి. జాతీయ అడవి ఒకే ముక్క కాదు, మధ్యమధ్యలో ప్రైవేటు నేలలుంటాయి. ఈ మాట మీద నేను ఎక్కువసేపు ఆగుతాను. 2004 నవంబరులో, మీరు వెళ్ళే చోటికి పక్క కౌంటీలోనే, ఒక మోంగ్ వేటగాడు (లావోస్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ జనం వాళ్ళు) ప్రైవేటు నేలలో ఉన్న మంచె ఎక్కి కూర్చున్నాడు. ఆ నేలవాళ్ళు వచ్చి దిగమన్నారు. మాటామాటా పెరిగింది. అతని తూటాలకు ఆరుగురు చనిపోయారు, ఇద్దరు గాయపడ్డారు. ఆరు కుటుంబాలు! అతనికి యావజ్జీవం పడింది. ఆ ఘోరంతో ఏ సంబంధమూ లేని మోంగ్ కుటుంబాలని ఆ తర్వాత ఎన్నేళ్ళు ఎలా చూశారో నేను కళ్ళారా చూశాను. మనలాంటి చర్మం రంగువాళ్ళం కూడా కొన్నాళ్ళు అడవికి వెళ్ళడానికి జంకాం. కాబట్టి గీత మీద అనుమానముంటే వంద గజాలు ఇవతలే ఆగండి. మీరు సరైన చోటే ఉన్నా ఎవరైనా కోపంగా వచ్చి వెళ్ళమంటే తుపాకీ భుజానికి తగిలించి, నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. ఎవరిది న్యాయమో తర్వాత వార్డెన్, అంటే వేట నియమాలు చూసే అధికారి, తేలుస్తారు. ఏ జింకా ఆ గొడవకి విలువ చెయ్యదు.

సీజను మొదలయ్యేది థాంక్స్‌గివింగ్ ముందు శనివారం. అంతకు ముందే, అక్టోబరులో, ఒక శని ఆదివారాలు తుపాకీ లేకుండా వెళ్ళి నడిచి రండి. మ్యాపులో చూసినది నిజంగా ఉందా లేదా అని పాదాలతో సరిచూడాలి. నల్లమల చెంచులు జాడ తీయడం చిన్నప్పుడు మా నాన్నగారితో శ్రీశైలం వెళ్ళినప్పుడు చూశాను. వాళ్ళు తలెత్తి అడవిని చూడరు, ముందు నేలని చూస్తారు. మీరూ అలాగే చూడండి. పెంటికలు మెత్తగా మెరుస్తూ ఉన్నాయా, ఎండి పొడిబారాయా? సన్న చెట్టు మొదట్లో బెరడు లేచి లోపలి తెలుపు కనబడుతోందంటే మగజింక కొమ్ములు రుద్దిందన్నమాట. వేలాడే కొమ్మ కింద నేలని గిట్టలతో గీరి ఉంటే అక్కడ అది తన వాసన వదిలి వెళ్ళింది. నవంబరు మొదటి సగంలో జత కట్టే కాలం జోరుమీద ఉంటుంది, సీజను వచ్చేసరికి అది తగ్గుముఖం పడుతుంది. కాబట్టి గీరిన గుంట ఒక్కటే చూసి కూర్చోకండి. మేతకీ పడకకీ మధ్య దారి ఎటో చూడండి.

గాలివాటం గురించి ఎంత చెప్పినా తక్కువే. జింక కళ్ళని మోసం చెయ్యొచ్చు, మీరు వేసుకునే నారింజ రంగు దానికి మనకి కనబడినట్టు కొట్టొచ్చినట్టు కనబడదు. ముక్కుని మోసం చెయ్యలేరు. జింక వస్తుందనుకునే వైపు నుంచి మీ మొహం మీదకి గాలి తగులుతూ ఉండాలి. గుట్టలున్నచోట ఇంకో చిక్కుంది. పొద్దెక్కి నేల వేడెక్కేకొద్దీ గాలి వాలు వెంబడి పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడ్డాక కిందికి జారుతుంది. అంటే పొద్దున మంచిదైన చోటు సాయంత్రం పనికిరాకపోవచ్చు. అందుకే ప్రతి చోటు పక్కనా మ్యాపు మీద ‘పడమటి గాలికి’, ‘ఉత్తరపు గాలికి’ అని రాసుకోండి. గాలి ఎదురు తిరిగిన రోజున ఎంత మోజున్నా ఆ చోటికి వెళ్ళకండి.

నాకు జరిగినది ఒకటి చెప్తాను, మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో, స్నేహితుడితో మొదటిసారి తెలియని ప్రభుత్వ అడవికి వెళ్ళాను. పొద్దున కురిసిన మంచులో ఒక పెద్ద మగజింక అడుగులు కనబడ్డాయి. పట్టుకుని నడిచాను. గంట, రెండు గంటలు. మళ్ళీ మంచు మొదలైంది, నా వెనక నా అడుగులు పూడిపోయాయి. దిక్సూచి బండిలో ఉండిపోయింది. అక్కడ ఆ రోజుల్లో సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దు గుంకుతుంది. చిత్తడిలో మోకాలి దాకా దిగబడ్డాను. వేసుకున్నది జీన్సు ప్యాంటు. తడిసిన నూలు ఒంట్లో వేడినంతా లాగేస్తుంది, గడ్డకట్టి రేకులా తయారైంది. ఒక దశలో చలి వెయ్యడం మానేసింది, నిద్ర ముంచుకొచ్చింది. అది ప్రాణం మీదకొచ్చిన గుర్తని అప్పుడు నాకు తెలియదు. దూరంగా బండి హారన్ మూడుసార్లు వినబడింది. ఆగి, మళ్ళీ మూడు. నా స్నేహితుడు చీకటి పడ్డప్పటినుంచి ఆపకుండా కొడుతూనే ఉన్నాడట. ఆ శబ్దం పట్టుకుని రాత్రి ఎనిమిదింటికి రోడ్డెక్కాను. ఇంట్లో మీ అమ్మమ్మకి నేను ఏ కౌంటీలో ఉన్నానో కూడా తెలియదు, నేను చెప్పి వెళ్ళలేదు.

అందుకని ఒంటికి ఆనుకునేది ఉన్ని బట్టే, నూలు వద్దు. దిక్సూచి మెడలో ఉండాలి. ఈల, తల దీపం, అగ్గిపెట్టె తడవని డబ్బాలో. నడుము పైన వేసుకునే బట్టల్లో సగమైనా మెరిసే నారింజ రంగుదో గులాబీ రంగుదో ఉండాలని ఇక్కడి చట్టం. మీరు సగంతో సరిపెట్టుకోకుండా టోపీ, కోటు, వీపు సంచి అన్నీ నారింజవే వేసుకోండి. చెట్టు మంచె ఎక్కితే ఒంటికంతటికీ పట్టే బెల్టు నేల మీదే కట్టుకుని ఎక్కాలి, తుపాకీని ఖాళీ చేసి తాడుతో పైకి లాక్కోవాలి.

1973 జనవరి 1కి ముందు పుట్టినవాణ్ణి కాబట్టి తుపాకీ శిక్షణ నాకు తప్పనిసరి కాదు. అయినా మీ అమ్మతో పాటు తరగతిలో కూర్చున్నాను. మీరూ నేర్చుకున్న ఆ నాలుగు సూత్రాలూ ఇక్కడ మళ్ళీ రాయను. వాటిలో మూడోది మాత్రం క్లామ్ లేక్‌లో రెండింతలు ముఖ్యం. ఎదుట ఉన్నదేమిటో, దాని వెనక ఏముందో తెలియాలి. 1995లో మిషిగన్ నుంచి 25 ఎల్క్‌లని (జింకల్లోనే పెద్ద జాతి) తెచ్చి వదిలింది అక్కడే. వాటి సంతతి ఇప్పటికీ ఆ రోడ్ల పక్కనే తిరుగుతుంది. మసక వెలుతురులో, పొదల వెనక ఎల్క్ పిల్లకీ ఆడజింకకీ తేడా తెలియక కాల్చినవాళ్ళున్నారు. తోక చూడండి, మెడ చూడండి, మొత్తం ఒళ్ళు కనబడేదాకా ఆగండి. కొమ్ముల్లేని జింకకి ఇచ్చే అనుమతి పబ్లిక్ భూమికి వేరు, ప్రైవేటు భూమికి వేరు. మీ దగ్గరున్న కాగితం దేనిదో బయలుదేరే ముందు చదువుకోండి. అడవి రోడ్డు మీదుగా గానీ నీటి మీదుగా గానీ కాల్చకూడదు. ఇల్లూ, గుడారాలూ ఉన్నచోటికి 150 గజాల లోపల అసలు కాల్చకూడదు.

గుంటూరులో ఉన్న మీ పిన్ని కొడుకు పోయిన వేసవిలో నన్నడిగాడు, “తాతయ్యా, జింకని చంపితే జైల్లో పెట్టరా?” అని. అక్కడ పెడతారు, పెట్టాలి కూడా. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మన దేశంలో అది నేరం. ఆంధ్రప్రదేశ్‌కి కృష్ణజింక, తెలంగాణకి చుక్కల జింక రాష్ట్ర జంతువులు. అక్కడ మిగిలినవి తక్కువ, కాపాడుకోవలసినవి. విస్కాన్సిన్‌లోనూ ఒకప్పుడు దక్షిణాన జింకలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. లైసెన్సులు, లెక్కలు, గడువులు పెట్టాక తిరిగి పెరిగాయి. 1937 చట్టం ప్రకారం వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. జింకల్ని తినే తోడేళ్ళని మాత్రం మనుషులు లేకుండా చేశారు, అవి 1970ల తర్వాతే మెల్లగా వెనక్కొచ్చాయి. జింకలు మితిమీరిన చోట అడవిలో మొలకే మిగలదు. మీ తమ్ముడికి ఇదంతా చెప్పండి. సెలవులకి ఊరెళ్ళినప్పుడు అక్కడ వేట గొప్పలు చెప్పకండి, అది వేరే నేల, వేరే ధర్మం.

జింక పడితే సగం పని అప్పుడే మొదలవుతుంది. రోడ్డు వదిలి రెండు మైళ్ళు లోపలికి వెళ్ళాక పడితే ఎవరు లాగుతారో ముందే మాట్లాడుకోండి. మీ ముగ్గురి సత్తువ తెలిసినవాడిగా చెప్తున్నాను, మైలు దాటి వెళ్ళకండి. కడుపు వెంటనే శుభ్రం చేసి చల్లారనివ్వాలి. మర్నాడు సాయంత్రం 5 గంటల లోగా నమోదు చెయ్యాలి. తల మాత్రం పరీక్షకి ఇవ్వండి. 2002లో ఈ రాష్ట్రంలో బయటపడ్డ జింకల జబ్బు ఇంకా పాకుతూనే ఉంది. దానికి మందు లేదు, వండితే పోదు. పరీక్ష ఉచితం. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజరులోనే ఉండాలి, అమ్మమ్మ కూర వండుతానని ఎంత తొందరపెట్టినా సరే.

పెద్ద అడవిలో జింకలు మన పొలంలో ఉన్నన్ని ఉండవు. మూడు రోజులు కూర్చున్నా ఒక్కటీ కనబడకపోవచ్చు. దానికి సిద్ధపడే వెళ్ళండి.

నాకు కావలసినవి రెండు. శుక్రవారం రాత్రి, మీరు కూర్చోబోయే చోట్లు, బండి ఆపే చోటు గుర్తుపెట్టిన మ్యాపు ఫోటో తీసి పంపండి. శనివారం చీకటిపడ్డాక సిగ్నల్ దొరికే చోటికొచ్చి ఏడింటిలోగా ఫోను చెయ్యండి. ఎనిమిదైనా రాకపోతే నేను షెరీఫ్ ఆఫీసుకి ఫోను చేస్తాను, ఆ మ్యాపు చేతిలో పట్టుకుని.

అమ్మమ్మ వేరుశనగ ఉండలు చేసింది. ప్లాస్టిక్ సంచి గరగరమంటే జింక వింటుందని గుడ్డసంచిలో కట్టించాను. ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను.

మీ
తాతయ్య