చిన్ననాటి ప్రకృతి సాన్నిహిత్యం: నమ్మకం నుంచి నిదర్శనం దాకా

పిల్లలు చెట్టూ మట్టీ మధ్య పెరగాలన్న మాట పాతదే. ఆ పెంపకం ఫలితం పెద్దయ్యాక కూడా నిలుస్తుందా అన్న ప్రశ్నను మాత్రం పరిశోధకులు ఇటీవలి దశాబ్దాల్లోనే గట్టిగా పట్టించుకున్నారు. అంతకుముందు దీన్ని నడిపించింది ఉపాధ్యాయుల విశ్వాసం. 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో చిన్నపిల్లల కోసం సంస్థను ప్రారంభించిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టారు. ఆయన పద్ధతిలో ప్రతి బిడ్డకూ సొంతంగా ఒక చిన్న మడి, అందరికీ కలిపి మరికొన్ని మడులు ఉండేవి. విత్తు వేసి, నీళ్లు పోసి, మొలక కోసం ఎదురుచూసేది పిల్లలే. 1851లో నాటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభుత్వం ఈ బడులను నిషేధించి, 1860లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. తర్వాత అవి ఎన్నో దేశాలకు వ్యాపించాయి గానీ, చాలాచోట్ల పేరే మిగిలి మడులు కనుమరుగయ్యాయి. ఇది చిన్న నష్టమేమీ కాదు.

1980లో అమెరికా పరిశోధకుడు థామస్ టానర్, పర్యావరణ పరిరక్షణలో పనిచేస్తున్నవారిని ఈ దారికి మళ్లించినదేమిటని అడిగినప్పుడు, చిన్నప్పుడు తిరిగిన అడవులు, నీటి తావుల ప్రస్తావన ప్రధానంగా వచ్చింది. 2006లో నాన్సీ వెల్స్, క్రిస్టీ లెకీస్ సుమారు 2,000 మంది అమెరికన్ల సమాచారాన్ని పరిశీలించి, పదకొండేళ్లలోపు అడవిలో నడవడం, చేపలు పట్టడం వంటి స్వేచ్ఛానుభవాలకు పెద్దయ్యాక ఉండే పర్యావరణ స్పృహతో బలమైన సంబంధం ఉందనీ, మొక్కలు నాటడం వంటి పనులకు అంత బలమైన సంబంధం లేదనీ తేల్చారు.

అయితే ఇవన్నీ పెద్దల జ్ఞాపకాలు. జ్ఞాపకం తనకు నచ్చినదాన్నే దాచుకుంటుంది. ఆ లోపాన్ని దాటిన అధ్యయనం 2019లో డెన్మార్క్ నుంచి వచ్చింది. ఆర్హుస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తొమ్మిది లక్షలమందికి పైగా ప్రజల నివాస, వైద్య రికార్డులను ఉపగ్రహ చిత్రాలతో సరిపోల్చారు. పదేళ్ల వయసు వరకు అతి తక్కువ పచ్చదనం మధ్య పెరిగినవారిలో తర్వాతి కాలంలో మానసిక రుగ్మతల ముప్పు, అత్యధిక పచ్చదనం మధ్య పెరిగినవారి కన్నా 55 శాతం వరకు ఎక్కువగా కనిపించింది. కుటుంబ ఆర్థిక స్థితి, తల్లిదండ్రుల మానసిక ఆరోగ్య చరిత్ర వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం చెరిగిపోలేదు. పచ్చదనమే ఏకైక కారణమని దీనివల్ల రుజువు కాదు. కానీ పచ్చదనం మధ్య గడిపిన ఏళ్లు పెరిగేకొద్దీ ముప్పు తగ్గడం, నా దృష్టిలో, తోసిపుచ్చలేని విషయం.

కంటి విషయంలో రుజువు మరింత సూటిగా ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాల ఆరుబయటి తరగతి పెట్టగా, మూడేళ్లలో హ్రస్వదృష్టి (దూరపు వస్తువులు మసకగా కనిపించే లోపం) వచ్చినవారు 30.4 శాతంగా, మామూలు బడుల్లో 39.5 శాతంగా తేలినట్లు 2015లో ప్రచురితమైంది. పగటి వెలుతురుకు కంటి వెనుక పొర అయిన రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై, హ్రస్వదృష్టికి దారితీసేలా కనుగుడ్డు మితిమీరి సాగకుండా ఆపుతుందన్నది ప్రధాన వివరణ. హ్రస్వదృష్టి ఎంత ఆలస్యంగా మొదలైతే, పెద్దయ్యాక అది తీవ్రస్థాయికి చేరే అవకాశం అంత తగ్గుతుంది.