అపోహలు - వాస్తవాలు: సీనియర్‌కీ కొత్త కుర్రాడికీ బ్యాటిల్ పడితే తీర్పు ఎలా చెబుతాం?

విజయనగరం, శ్రీకాకుళం వైపు ర్యాప్ బ్యాటిల్, అంటే ఇద్దరు ర్యాపర్లు ఒకరి మీద ఒకరు లైన్లు విసురుకునే పోటీ, పెడితే జడ్జీల కుర్చీల్లో ఒకటి తరచూ నాకే వేస్తున్నారు. కుర్చీలో కూర్చోవడం పెద్ద కష్టం కాదు. ఫలితం చెప్పాక గంటస్తంభం దగ్గర టీకి ఆగినప్పుడే అసలు కష్టం. "ఏటి సార్, ఆడికెలా ఇచ్చీసారు?" అని పదిమంది చుట్టూ చేరతారు. ఒక పక్క పదేళ్లుగా పేరున్నవాడు, ఇంకో పక్క నిన్నగాక మొన్న రాయడం మొదలెట్టినవాడు ఉంటే ఆ పదిమంది ముప్పై మంది అవుతారు. వాళ్లు అడిగేవన్నీ ఒకచోట రాసేస్తే నా టీ చల్లారకుండా ఉంటుందని ఆశ.

అపోహ: అరుపులు ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే గెలిచినట్టు.

అరుపు లెక్కలోకి వస్తుంది. ఐతే అది దేనికి వచ్చిందన్నది చూస్తాం. సీనియర్ మైకు పట్టుకుని తన పాత ఊతపదం అనగానే హాలు లేచి నిలబడుతుంది. అది వాడు ఎప్పుడో సంపాదించుకున్నది, ఈ రాత్రి చెప్పిన లైనుకి వచ్చింది కాదు. కుర్రాడి కాలేజీ వాళ్లు రెండు ఆటోల్లో దిగితే వాడి మైకు టెస్టింగ్‌కి కూడా ఈలలు పడతాయి.

ఈ గొడవ కొత్తదేం కాదు. 1981లో న్యూయార్క్‌లోని హార్లెమ్ వరల్డ్ అనే క్లబ్బులో బిజీ బీ అనే ర్యాపర్ మీదికి కూల్ మో డీ అనే ఇంకో ర్యాపర్ దిగాడు. బిజీ బీ జనంతో వంత పాడించడంలో దిట్ట, హాలంతా వాడిదే. మో డీ మాత్రం అతని తీరునే పట్టుకుని, ఒకదాని మీద ఒకటి లైన్లు పేర్చుకుంటూ పోయాడు. జనాన్ని ఊపడం ఒక విద్య, ఎదుటివాణ్ణి మాటతో పడగొట్టడం ఇంకో విద్య అని ఆ రాత్రి తేలింది. బ్యాటిల్ ర్యాప్ గురించి ఎవరు మాట్లాడినా ఇప్పటికీ ఆ రాత్రి ప్రస్తావన వస్తుంది.

అపోహ: ప్రాస ఎక్కువుంటే మార్కులు ఎక్కువ.

వచ్చాడు, తెచ్చాడు, చచ్చాడు. మన భాషలో క్రియ వాక్యం చివర కూర్చుంటుంది కాబట్టి ఈ ప్రాస ఎవరికైనా ఊరికే వస్తుంది. ఊరికే వచ్చేదానికి నేను మార్కు వెయ్యను. ఆమధ్య ఒక బ్యాటిల్‌లో కుర్రాడు సీనియర్ మీద వేసిన ఈ రెండు లైన్లు చూడండి:

"కోట గోడ మీద రాసుకున్నావు నీ పేరు,
మాట తేడా వస్తే సున్నమేస్తారు ఊరోరు."

కోట-మాట, గోడ-తేడా, రాసుకున్నావులో "కున్న", సున్నంలో "సున్న", చివర పేరు-ఊరోరు. రెండు లైన్లూ మొదటి మాట నుంచి చివరి మాట దాకా జతగా నడిచాయి. పైగా అర్థం ఎక్కడా కుంటలేదు. ప్రాస కోసం ఇరికించిన మాట ఒక్కటీ లేదు. కోట ఉన్న ఊళ్లో కోట గోడ గురించి చెప్పడం ఇంకో దెబ్బ. నా నోట్‌బుక్‌లో దానికి రెండు టిక్కులు పడ్డాయి.

తర్వాత సీనియర్ వంతు. వాడు ముందే రాసుకొచ్చిన రౌండు మొదలుపెట్టలేదు. ఒక్క క్షణం ఆగి, గోడ మీద వేలితో గీకినట్టు చెయ్యాడించి, "సున్నం గీకి చూడరా గుంటడా, కింద నా పేరే" అన్నాడు. అప్పటికప్పుడు ఇలా ఎదురు కొట్టడాన్ని రీబటల్ అంటారు. దాంట్లో పెద్ద ప్రాసేం లేదు. అయినా కుర్రాడి బొమ్మను కుర్రాడి మీదికే తిప్పాడు. టిక్కుల పక్కన నక్షత్రం వేసుకున్నాను.

అపోహ: యాసలో అంటే నవ్వొస్తుంది, నవ్వొస్తే పాయింటు.

మన యాస వినపడగానే నవ్వడం సినిమాలు నేర్పిన అలవాటు. ఇక్కడ ఇంట్లో మాట్లాడుకునేదే అది, అందులో నవ్వడానికేముంది? యాస పని చేస్తే మార్కు. పై లైనులో "గుంటడా" చేసిన పని చూడండి. నీకింకా వయసు రాలేదు, నా ముందు నువ్వెంత అనే మాటంతా ఆ ఒక్క పిలుపులో ఉంది. అక్కడ "కుర్రాడా" అని ఉంటే సగం బలం పోయేది.

అపోహ: ముందే రాసుకొస్తే మోసం, అప్పటికప్పుడు చెబితేనే ర్యాప్.

అవధానాలు చూసిన ఊళ్లు కాబట్టి ఇక్కడి పెద్దవాళ్లు ఇలా అనుకోవడం సహజమే. కానీ ఇప్పటి బ్యాటిళ్లలో ప్రత్యర్థి ఎవరో చాలా ముందే చెబుతారు, బీటు లేకుండా ఎక్కువగా మూడు రౌండ్లు ఉంటాయి, రాసి కంఠతా పట్టుకునే రావాలి. అవధానంతో పోలిక కావాలంటే ధారణ దగ్గర దొరుకుతుంది. మధ్యలో లైను మర్చిపోయి గుటకలు మింగితే దాన్ని చోక్ అంటాం. రెండు సెకన్లలో అందుకుంటే పెద్దగా పట్టించుకోను. నీళ్ల సీసా వైపు చెయ్యి వెళ్లిందంటే ఆ రౌండు దాదాపు పోయినట్టే.

అపోహ: సీనియర్‌ని "నువ్వు" అనడం తలపొగరు.

స్టేజీ కింద "అన్నా, టీ తాగావా" అన్నవాడే పైన "ఏటిరా" అంటాడు. అది ఆట.

అపోహ: జడ్జికి పేరు కనపడదు.

కనపడుతుంది. ఇది నా తప్పు, నేనే చెబుతాను. ఒకసారి పేరున్న ఒకతనికి మొదటి రౌండు ఇచ్చేశాను. తిరుగు పాసింజర్‌లో ఫోన్‌లో రికార్డింగు పెట్టుకుని విన్నాను. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ వచ్చేసరికి నా ముఖం మాడిపోయింది. ఆ రౌండులో గట్టిగా తగిలిన లైన్లు రెండూ అతను పాత బ్యాటిల్‌లో ఇంకొకరి మీద వాడినవే. పేరు మార్చి మళ్లీ వాడాడు. హాలులో ఆ గొంతు వినగానే నేనూ జనంలో ఒకణ్ణైపోయాను. ఫలితం మారలేదు గానీ, అప్పట్నుంచీ సీనియర్ ఉన్న బ్యాటిల్‌కి వెళ్లేముందు అతని పాత వీడియోలు చూసి వెళ్తున్నాను. రౌండు అయిపోగానే, పక్క జడ్జి ముఖం చూడకముందే, పేరు రాసి కాగితం మడిచేస్తాను.

అపోహ: ఇద్దరూ బాగా చేస్తే సమానం ఇచ్చేయొచ్చు.

మొహమాటం అది. జడ్జీలను ముగ్గురినో ఐదుగురినో పెట్టేదే సమానం రాకుండా.

ఇంతకీ ఆ కోట గోడ బ్యాటిల్ సంగతి. రెండో రౌండు సీనియర్‌కి, మొదటిదీ మూడోదీ కుర్రాడికి వేశాను. మిగతా ఇద్దరు జడ్జీలు మూడోది సీనియర్‌కి ఇచ్చారు, అతనే గెలిచాడు. కుర్రాడు టీ కొట్టు దగ్గరికొచ్చి, "సార్, మూడోది ఎక్కడ పోయింది?" అని అడిగాడు. నోట్‌బుక్ తీసి చూపించాను. చివరి నాలుగు లైన్లూ సీనియర్ వయసు మీదే, ఒక్క టిక్కూ లేదు. కాసేపు ఆ పేజీ చూసి, ఫోన్‌తో ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.