ఆరుద్ర పేలితే? ఒక ఊహ వెనుక తొంభై ఏళ్ల కథ

తొలకరి పడగానే వరంగల్ చెలకల్లో ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. అరచేతిలో పెట్టుకుంటే చిన్న ఎర్ర మఖమల్ ముక్క నడిచినట్టుంటుంది. జూన్ 22 ప్రాంతంలో వచ్చే కార్తెదీ అదే పేరు. ఆ పేరు అసలు ఒక చుక్కది (ఇంగ్లిష్‌లో బెటెల్‌గూస్), అదీ ఎర్రదే. కార్తె నడిచే రోజుల్లో సూర్యుడు అటువైపే ఉంటాడు కాబట్టి చుక్క కనపడదు. పత్తి ఏరే కాలంలో, డిసెంబర్, జనవరి రాత్రుల్లో చూడాలి. 2019 చివర్లో అది బాగా మసకబారితే, ఇక పేలిపోతుందేమోనన్న మాట ప్రపంచమంతా నడిచింది. చివరికి అది తానే వదిలిన ధూళి అడ్డుపడి మసకబారిందని తేలింది.

పేలడం అంటాం గానీ, ముందు జరిగేది కూలడం. పెద్ద నక్షత్రం నడిమధ్య ఇనుము పేరుకుపోయాక ఇక మండడానికి ఏమీ మిగలదు. పాత బావి ఒర లోపలికి కూలినట్టు, భూమంత గుండె సెకను లోపే ఒక ఊరంత ముద్దవుతుంది. మరి పైపొరలు బయటికి ఎందుకు ఎగిరిపోతాయి?

1934లో బాడే, జ్విక్కీ అనే ఖగోళ శాస్త్రవేత్తలు ఒక ఊహ చేశారు: మామూలు నక్షత్రం న్యూట్రాన్ల ముద్దగా మారడమే సూపర్‌నోవా, అంటే నక్షత్రం పేలుడు. న్యూట్రాన్ అనే కణాన్ని కనుగొన్నది 1932లోనే, కాబట్టి అది చాలా పెద్ద సాహసం. 1054లో చైనావాళ్లు పట్టపగలు 23 రోజులు చూసిన కొత్త చుక్క ఒకటుంది, అదీ అలాంటి పేలుడే. అప్పటికి మన కాకతీయులు ఇంకా చాళుక్యుల సామంతులే. సరిగ్గా ఆ చోటే, 1968లో, సెకనుకు 30 సార్లు తిరిగే న్యూట్రాన్ నక్షత్రం దొరికింది. ఊహ నిలబడింది.

పేలుడు లెక్క మాత్రం చాలాకాలం కుదరలేదు. కంప్యూటర్‌లో చేసి చూస్తే, గుండె నుంచి వెనక్కి తన్నిన అల మధ్యలోనే ఆగిపోయేది. పేలుడును నడిపేది న్యూట్రినోలనే, దేనికీ పెద్దగా తగలకుండా దూసుకుపోయే అతిచిన్న కణాలని 1966లో కోల్గేట్, వైట్ అన్నారు. ఆగిన అలను అవే మళ్లీ లేపుతాయని 1985లో బెథే, విల్సన్ చెప్పారు. ఎసరు కింద మంటలా అవి కింది నుంచి కాచి, కుతకుతలాడించి, పైపొరలను నెడతాయన్నమాట. 1987 ఫిబ్రవరిలో, 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలో ఒక నక్షత్రం పేలినప్పుడు జపాన్‌లో భూమి లోపల ఉన్న కమియోకాండే అనే నీళ్ల ట్యాంకు 11 న్యూట్రినోలను పట్టింది. మొత్తం శక్తిలో సుమారు 99 శాతం వాటితోనే పోతుందన్న లెక్కకు అంత దూరం నుంచి సాక్ష్యం దొరికింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ పదకొండే.

వెలుగును కూడా బయటికి పోనివ్వని బ్లాక్‌హోల్ కూడా పేలుతుందంటారు, కానీ దాని సంగతి వేరు. 1974లో హాకింగ్ తన వ్యాసం పేరులో 'బ్లాక్‌హోల్ పేలుళ్లు' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. బ్లాక్‌హోల్ సన్నగా వేడిని వదులుతూ కరిగి, చివర్లో భగ్గుమంటుందన్నారు. సూర్యుడంత దానికి పట్టే కాలం, 1 పక్కన 67 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు. విశ్వం పుట్టినప్పుడే వంద కోట్ల టన్నుల దగ్గర బరువుతో పుట్టినవి ఉంటే మాత్రం ఈ కాలంలోనే పేలాలి. గామా కిరణాల్లో వెతుకుతున్నారు, ఒక్కటీ చిక్కలేదు. లోపల కూలిన పదార్థం వెనక్కి తన్ని తెల్లరంధ్రంగా (దేన్నీ లోపలికి రానివ్వక బయటికే వదిలేదిగా) బయటికొస్తుందని 2014 నుంచి రొవెల్లి లాంటి భౌతిక శాస్త్రవేత్తలు చెబుతున్నదీ లెక్కల్లోనే ఉంది. లెక్క ఉంది కాబట్టి దాన్ని కొట్టిపారేయను. కానీ సూపర్‌నోవాతో ఒకే గాటన కట్టడం తప్పు.

ఆరుద్ర ఎప్పుడో పేలుతుంది, బహుశా లక్ష ఏళ్లలో. దాని వెలుగు మనల్ని చేరడానికి 550 నుంచి 700 ఏళ్లు పడుతుంది. అంటే ఈ రాత్రి కనిపించే ఎరుపు, 1323లో ఓరుగల్లు కోట కూలిన తర్వాతెప్పుడో బయల్దేరింది. పేలితే వెలుగుకన్నా ముందే న్యూట్రినోలు బయటపడతాయి కాబట్టి, కబురు ముందు అందేది కంటికి కాదు, వాటిని పట్టడానికి జపాన్‌లో కొండ కింద ఉన్న, 50,000 టన్నుల నీళ్లున్న ట్యాంకుకు. ఆ తర్వాతే మన చెలకల మీద ఆ వెలుగు పడుతుంది.