తస్లీమా గురించి అడిగారు కదా

పిల్లలూ,

ఫోనులో ముగ్గురూ ఒక్కసారిగా మీద పడితే ఏ ఒక్కరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. పొద్దున్నే దీపం పెట్టే అమ్మమ్మ దగ్గర, దేవుడే లేడనే బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ పుస్తకాలెందుకని మీ అనుమానం. "వాళ్ల మతాన్ని తిట్టింది కాబట్టి నీకు నచ్చిందా?" అని పెద్దాడు ఎకసెక్కెం కూడా ఆడాడు. అడగాల్సిన ప్రశ్నే. కాదురా నాయనా, అందుకు కాదు.

ఆవిడ డాక్టరు. ముందు ఆ సంగతి మనసులో పెట్టుకోండి. 1962లో మైమన్‌సింగ్‌లో పుట్టింది, అప్పటికది తూర్పు పాకిస్తాన్. తండ్రి మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, పిల్లల చదువు దగ్గర చండశాసనుడు. తల్లికి భక్తి ఎక్కువ. 1984లో వైద్యవిద్య పూర్తిచేసి, కుటుంబ నియంత్రణ క్లినిక్‌లో, ఆ తర్వాత ఢాకా ఆసుపత్రుల్లో పనిచేసింది. పురిటి గదిలో ఆడపిల్ల పుట్టిందని చెప్పగానే బాలింతలు ఘొల్లుమనడం విన్నది. తొమ్మిది నెలలు మోసి, నొప్పులు పడి కన్న తల్లి, బిడ్డ మొహమైనా చూడకముందే ఇంటికెళితే ఏమంటారోనని ఏడవడం! అత్యాచారానికి గురైన చిన్నపిల్లల్నీ ఆసుపత్రిలోనే చూసింది. పత్రికల్లో ఆవిడ రాసిన కాలమ్‌ల వెనక ఉన్నది ఈ అనుభవం. 1992లో కలకత్తా వాళ్లు ఆనంద పురస్కారం ఇచ్చింది ఆ కాలమ్‌ల పుస్తకానికే.

ఆవిడ వాదన నేరుగా ఉంటుంది. పెళ్లి, విడాకులు, ఆస్తి విషయాల్లో మతగ్రంథాన్ని చట్టం చేస్తే ఆడది ఎప్పుడూ సగం మనిషిగానే మిగులుతుందంటుంది. బంగ్లాదేశ్‌లో ముస్లిం కూతురికి ఆస్తిలో కొడుకు వాటాలో సగమే. మరి అక్కడి హిందూ స్త్రీ? మొగుడు ఎంత దుర్మార్గుడైనా ఆమెకు విడాకులిచ్చే చట్టమే లేదు. అందుకే అన్ని మతాల ఆడవాళ్లకీ ఒకే పౌర చట్టం కావాలని అడిగింది. మనం ఇది విని మీసం మెలేయక్కర్లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు మన రాష్ట్రంలో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం తెచ్చేదాకా, అంటే 1985 దాకా లేదు. దేశమంతటా వచ్చేసరికి 2005 అయింది.

ఇక ఆవిడ నవల 'లజ్జ' సంగతి. 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చారు. ఆ కోపం బంగ్లాదేశ్‌లో ఏ పాపం ఎరగని హిందువుల మీద తీర్చుకున్నారు. అప్పుడు నలిగిపోయిన దత్తా కుటుంబం కథ అది. నవలగా గొప్పదని నేననను. పేజీలకు పేజీలు పేపరు కటింగులు అతికించినట్టు ఉంటుంది. 1993 జులైలో అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మన దేశంలో మాత్రం దొంగ ప్రింట్లు కూడా వేసి అమ్ముకున్నారు. అలా పంచినవాళ్లలో చాలామందికి దత్తా ఇంటి మీద పడ్డ రాళ్లు కనిపించాయి గానీ, అయోధ్యలో పడ్డ గునపం కనిపించలేదు. ఆవిడ శత్రువులే కాదు, మిత్రులమని చెప్పుకునేవాళ్లూ ఆవిడ మాటల్లో తమకు పనికొచ్చే సగమే ఉంచుకున్నారు. మొగుడి ఆయుష్షు కోసం ఉత్తరాదిన ఆడవాళ్లు ఉపవాసముండే మన కర్వా చౌత్‌ని, సిందూరాన్ని కూడా ఆవిడ వదల్లేదు. అది చెబితే ఆ మిత్రుల మొహాలు మాడిపోతాయి.

బంగ్లాదేశ్ మతఛాందసులు ఆవిడ తలకి వెల కట్టారు. 1994లో ఒక కలకత్తా పేపరు, ఖురాన్‌ని మార్చాలని ఆవిడ అన్నట్టు రాసింది. నేనన్నది షరియా చట్టాల గురించి అని ఆవిడ మొత్తుకున్నా వినేదెవరు? అరెస్టు వారెంటు వచ్చింది. వాడిన సెక్షను, మతభావాలు గాయపరిచారని పెట్టే 295-ఏ. 1927లో బ్రిటిష్ వాళ్లు పెట్టిపోయిన ఆ సెక్షనే మన శిక్షాస్మృతిలోనూ ఉండేది. రెండు నెలలు ఎవరెవరి ఇళ్లలోనో దాక్కుని, ఆగస్టులో స్వీడన్ వెళ్లిపోయింది. మళ్లీ సొంత దేశంలో కాపురం ఉండనివ్వలేదు.

భాష కోసమని ఆ తర్వాత కలకత్తా వచ్చి ఉంది. అంతకుముందే, 2003లో, అక్కడి వామపక్ష ప్రభుత్వం ఆవిడ ఆత్మకథలో ఒక భాగాన్ని నిషేధించింది. ఆ నిషేధాన్ని 2005లో హైకోర్టు కొట్టేసింది.

మన హైదరాబాదు చేసిన మర్యాద కూడా వినండి. 2007 ఆగస్టు 9న 'శోధ్' నవల తెలుగు అనువాదం ఆవిష్కరణకి ప్రెస్ క్లబ్‌కి వచ్చింది. మజ్లిస్ ఎమ్మెల్యేలు, వాళ్ల మనుషులు లోపలికి దూసుకొచ్చి పూలగుత్తులు, కుర్చీలు, చేతికి దొరికింది దొరికినట్టు విసిరారు. ఆవిడ గోడవారగా నక్కింది, పక్కనున్నవాళ్లు, విలేకరులు అడ్డం నిలబడ్డారు. చట్టాలు చేసే చేతులతో విసిరిన కుర్చీలవి! పోలీసులు వాళ్ల మీద కేసు పెట్టారు. ఆవిడ మీద కూడా పెట్టారు. నవంబరులో కలకత్తాలో గొడవలయ్యాయి, ఆవిడని జైపూర్‌కి, అక్కణ్ణించి ఢిల్లీకి తరలించారు. చివరికి కలకత్తాలో నిషేధించిన ఆ ఆత్మకథ భాగంలోని కొన్ని వాక్యాలు తనే తీసేస్తానంది. ఒంటరి మనిషిని అంతదాకా తరిమారు.

ఆవిడ ప్రతి మాటకీ నేను తలూపుతానని అనుకోకండి. మతం ఎప్పటికీ బాగుపడదంటుంది. నేను ఒప్పుకోను. బురఖా గురించి రాసేటప్పుడు, ఆ బురఖాలో ఉన్న మనిషి ఏమంటుందో ఆవిడ పేజీల్లో నాకు వినపడదు. ఇది నాకున్న పేచీ. పుస్తకం చదివితేనే కదా పేచీ అయినా పెట్టుకోగలిగేది!

సెలవులకి వచ్చినప్పుడు 'లజ్జ' జోలికి ముందు పోకండి. తన చిన్నతనం గురించి రాసుకున్న పుస్తకంతో మొదలుపెట్టండి. సొంత బంధువులే చేసిన అఘాయిత్యాలు అందులో ఉన్నాయి, కాబట్టి చిన్నది ఇంకో రెండేళ్లు ఆగాలి, అలిగినా సరే. పెద్దాడికి ఎక్కడ కోపం వస్తే అక్కడ గీత గీసుకోవచ్చు. పెన్సిలుతోనే సుమా, పెన్నుతో గీస్తే ఊరుకోను.

మీ అమ్మమ్మ