లోకీని మారనివ్వనిదెవరు?

2012లో మార్వెల్ కామిక్ ‘జర్నీ ఇంటూ మిస్టరీ’ 645వ సంచిక వచ్చింది. అప్పటికే యుద్ధం ముగిసి దేవతల నగరం అస్‌గార్డ్ గండం గట్టెక్కింది. చివరి పేజీల్లో మాత్రం ఓ కుర్రాడు ప్రాణం వదులుతాడు. శవం ఉండదు, ఏడ్చేవాళ్లూ ఉండరు. ఎందుకంటే వాడి శరీరం బతికే ఉంటుంది, అందులోకి వాడి పాత జన్మ దూరి కూర్చుంటుంది. అన్న, ఉరుముల దేవుడు థోర్‌కు ఆ సంగతి తెలియదు. ఆ కుర్రాడు అబద్ధాల దేవుడు లోకీ, చంపినవాడూ లోకీయే. ఆ మరణం పాఠకుల్ని అంతగా ఎందుకు కలచివేసిందో తెలియాలంటే యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

థోర్‌కు శత్రువుగా లోకీ కనిపించింది 1962 అక్టోబరులో, అదే పత్రిక 85వ సంచికలో. స్టాన్ లీ, లారీ లీబర్, జాక్ కిర్బీల సృష్టి. అందులో లోకీ ఒక చెట్టులో బందీ. అతని దుస్థితికి ఎవరైనా ఒక్క కన్నీటి చుక్క రాలిస్తేనే విడుదల. లోకీ కోసం ఏడ్చేదెవరు? అందుకే చెట్టు మీది ఒక ఆకును కాపలాదారు హైమ్‌డాల్ కంట్లో పడేలా చేస్తాడు. కంట్లో నలక పడ్డా నీరు కారుతుంది కదా, శాపం తీరిపోతుంది! ఆ తర్వాతి అరవై ఏళ్ల లోకీ ఈ చిన్న ఎత్తులోనే ఉన్నాడని నా నమ్మకం. షరతును మీరడు, దాని అర్థాన్నే తారుమారు చేస్తాడు.

ఉత్తర ఐరోపాకు చెందిన నార్స్ పురాణాల్లో లోకీ ఇంకా చిక్కైన మనిషి. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌కు చెందిన స్నోరీ స్టుర్లుసన్ రాసిపెట్టిన కథల్లో థోర్ భార్య సిఫ్ జుట్టు కత్తిరించేదీ అతనే, ఆ తప్పు దిద్దుకోబోయి మరుగుజ్జుల చేత థోర్ సుత్తి తయారయ్యేలా చేసేదీ అతనే. కీడు, మేలు ఒకే చేతి మీదుగా జరుగుతాయి. అక్కడ థోర్‌కు తమ్ముడు కూడా కాడు. అరవైల కామిక్స్ అతన్ని థోర్ తండ్రి, దేవతల రాజు ఓడిన్‌కు పెంపుడు కొడుకుని చేసి, అన్నంటే కుళ్లుకునే విలన్‌గా కుదించేశాయి. 1963లో వీరుల దళం అవెంజర్స్ ఒక్కటైందీ అతని కుట్ర వల్లే. హల్క్‌ను అడ్డం పెట్టి థోర్‌ను రప్పించబోతే, మిగతా వీరులూ వచ్చిపడ్డారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు కుట్ర పన్నడం, ఓడిపోవడం, మళ్లీ రావడం, ఇదే వరస.

2007లో జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ రాసిన ‘థోర్’తో మోసం పదునెక్కింది. పునర్జన్మలో సిఫ్‌కు దక్కాల్సిన దేహాన్ని కాజేసి స్త్రీరూపంలో తిరిగొచ్చిన లోకీ, అస్‌గార్డ్ వీరుడు బాల్డర్‌కు ఒక నిజం చెబుతాడు: నువ్వు ఓడిన్ కొడుకువి. అది పచ్చి నిజం. ఆ నిజంతోనే బాల్డర్ సింహాసనానికి హక్కుదారయ్యాడు. ఇటు తాత బోర్‌ను ఎవరో తెలియక చంపిన థోర్ దేశ బహిష్కారానికి గురయ్యాడు. ఆ పోరు వెనకున్న మంత్రం లోకీదే. కొత్త రాజు తన ప్రజల్ని విలన్ డాక్టర్ డూమ్ ఏలే లాట్వేరియా దేశానికి తరలించాడు. చెప్పిన ఒక్క నిజం వంద అబద్ధాల పని చేసింది.

2010 నాటి ‘సీజ్’ కథలో విలన్ నార్మన్ ఆస్‌బోర్న్‌ను అస్‌గార్డ్ మీదికి ఉసిగొల్పిందీ లోకీయే. కళ్లముందే నగరం కూలిపోతుంటే తట్టుకోలేక పక్షం మార్చి, నార్న్ రాళ్లనే మాయా రాళ్ల శక్తిని వీరులకు అందిస్తాడు. వాయిడ్ అనే వినాశక శక్తి చేతిలో చనిపోతూ అన్నను క్షమించమంటాడు. ఆ పశ్చాత్తాపం నిజమేనా? అంతకుముందే మృత్యుదేవత హెలాతో బేరమాడి, ఆమె పుస్తకంలోంచి తన పేరు తీయించుకున్నాడని కీరన్ గిల్లెన్ రాసిన కథ చెబుతుంది. ఏ నరకానికీ చెందనివాడు మళ్లీ పుట్టొచ్చు. నా మటుకు క్షమాపణా నిజమే, పథకమూ నిజమే. ఈ పాత్రలో గొప్పతనం అదే.

థోర్‌కు పారిస్ వీధుల్లో దొరికిన పిల్లవాడు ఆ మరుజన్మే. 2011లో గిల్లెన్ అతన్ని ‘జర్నీ ఇంటూ మిస్టరీ’కి కథానాయకుణ్ణి చేశాడు. పాత లోకీ వదిలిన ఆనవాళ్లు వెతుక్కుంటూ వెళ్లిన కుర్రాడికి పాతవాడి నీడ ఎదురవుతుంది, నేను పన్నినదంతా నీకోసమే అంటుంది. కుర్రాడు ఒప్పుకోడు. ఆ నీడను ఇకోల్ అనే పక్షిగా మార్చి వెంట తిప్పుకుంటాడు. అతనూ అబద్ధాలాడతాడు, దొంగ బేరాలు కుదుర్చుకుంటాడు, కాకపోతే లోకాన్ని కాపాడటానికి. థోర్ తప్ప నమ్మేవాడు దాదాపు లేడు. చివరికి తన బేరాలే మెడకు చుట్టుకుని, మెఫిస్టో అనే నరకాధిపతికి సకల నరకాల మీదా అధికారం దక్కే ప్రమాదం వస్తుంది. దాన్ని తప్పించడానికి ఇకోల్‌కు తన స్థానం అప్పగించి మాయమవుతాడు, పాత లోకీగా మారకుండానే.

కామిక్స్ వ్యాపారంలో పేరున్న విలన్‌ను ఎక్కువ కాలం మంచివాడిగా ఉండనివ్వరు. పాఠకులకు అలవాటైన ముఖమే మళ్లీ కావాలి. గిల్లెన్ ఆ ఒత్తిడినే కథలోకి తెచ్చి ఒక పిల్లవాడి ప్రాణం మీద పెట్టాడు. అందుకే అది అంత బాధించింది.

గెలిచిన పాతవాడికీ సుఖం దక్కలేదు. 2013 ‘యంగ్ అవెంజర్స్’లో చనిపోయిన కుర్రాడి రూపం అతని వెన్నంటే తిరుగుతుంది. అది దెయ్యం కాదు, తన అపరాధభావమే. 2014లో ఆల్ ఎవింగ్ రాసిన ‘లోకీ: ఏజెంట్ ఆఫ్ అస్‌గార్డ్’ మొదలైంది. లీ గార్బెట్ బొమ్మలు. అస్‌గార్డ్ పాలకులకు పని చేసిపెట్టిన ప్రతిసారీ పాత నేరం ఒకటి రికార్డుల్లోంచి చెరిగిపోతుందన్నది ఒప్పందం. ఎన్ని చెరిగినా ఆ కుర్రాడి హత్య ఎక్కడా రాసిలేదు కాబట్టి చెరగదు. భవిష్యత్తు నుంచి వచ్చిన ముసలి కింగ్ లోకీ, నువ్వు ఏం చేసినా చివరికి నాలాగే అవుతావని పట్టుబడతాడు. చివరికి లోకీ థోర్ ముందు నిజం ఒప్పుకుంటాడు, అన్న కోపానికి గురవుతాడు.

2015లో సిరీస్ ముగిసేసరికి లోకీ ఆ ముసలివాడి జోస్యాన్ని తోసిపుచ్చి, అబద్ధాల దేవుడి పీఠం వదిలి కథల దేవుడవుతాడు.