కష్టానికి ఎన్ని మార్కులు? డ్రమ్ కోర్ పోటీల్లో తెగని పంచాయితీ

1993 ఆగస్టులో మిసిసిపి రాష్ట్రంలోని జాక్సన్‌లో అమెరికా డ్రమ్ కోర్ ఫైనల్స్ జరిగాయి. మొదటి జట్టుకు 97.4, రెండో జట్టుకు 97.3 వచ్చాయి. పదోవంతు మార్కుతో ఓడిన జట్టు పేరు స్టార్ ఆఫ్ ఇండియానా. ఆ రాత్రి తర్వాత అది మళ్లీ ఈ పోటీకి రాలేదు. మూడు దశాబ్దాలు దాటినా డ్రమ్ కోర్ అభిమానులు ఇద్దరు కలిస్తే మాట అటు తిరిగి ఇటు తిరిగి ఆ ప్రదర్శన దగ్గరికే వస్తుంది. కొత్తగా చెయ్యడం గొప్పా, కష్టమైనది చెయ్యడం గొప్పా? అసలు కష్టాన్ని కొలిచేది ఎలా?

డ్రమ్ కోర్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలూ రైఫిళ్లూ తిప్పే కలర్ గార్డ్ కలిసి ఫుట్‌బాల్ మైదానంలో పది పన్నెండు నిమిషాల ప్రదర్శన ఇస్తాయి. సన్నాయి, ఫ్లూటు లాంటి వాద్యాలకు ఇందులో చోటు లేదు. వాయించేవాళ్లంతా కుర్రవాళ్లే, పెద్ద జట్లలో 150 మందికి పైగా ఉంటారు. వేసవి మొత్తం ఊరూరా బస్సుల్లో తిరుగుతూ, స్కూలు జిమ్‌లలో నేల మీద పడుకుంటూ, ఎర్రటి ఎండలో అదే ఒక్క షోని సాధన చేస్తారు. అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్ అంటే ఇప్పుడు కొత్తేమీ కాదు. ఆ బ్యాండ్‌లో ఉన్న పిల్లలు పైకి చూసే మెట్టు ఇది.

ఈ తగవు మొదలైంది మార్కులు వేసే పద్ధతి దగ్గర. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మాజీ సైనికుల సంఘాలు ఈ జట్లను పెంచి పోషించాయి. అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ అనే ఆ సంఘాలే పోటీలు పెట్టేవి, నియమాలూ అవే రాసేవి. సైనిక కవాతు నుంచి పుట్టిన ఆట కాబట్టి జడ్జీల చూపు కూడా కవాతు తనిఖీ చేసే అధికారి చూపులాగే ఉండేది. వాయింపు, నడక విభాగాల్లో ముందు పూర్తి మార్కులు ఇచ్చేవారు. జడ్జి అట్ట, పెన్సిలు పట్టుకుని మైదానంలో పిల్లల పక్కనే నడిచేవాడు. కర్ర ఒక్క క్షణం ఆలస్యంగా పడినా, కాలు వరస తప్పినా ఒక గీత గీసేవాడు. దాన్నే టిక్ అనేవారు. ఒక టిక్‌కి పదోవంతు మార్కు పోయేది.

ఈ లెక్క బయటికి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ స్నేర్ డ్రమ్ మీద వంద దెబ్బలు వాయించేవాడికి తప్పు చేసే అవకాశాలు వంద, మూడొందలు వాయించేవాడికి మూడొందలు. మెచ్చుకుని మార్కులు వేసే జనరల్ ఎఫెక్ట్ విభాగం పక్కన ఉన్నా, టిక్కుల దగ్గరికి వచ్చేసరికి ధైర్యం చేసినవాడి జేబుకే చిల్లు పడేది. అందుకే నాటి మైదానం మీద ఆకారాలు నిటారుగా, నడిమి గీతకు అటూ ఇటూ అద్దంలో బొమ్మలా ఉండేవి. గీత వంకర పోయిందా లేదా అన్నది చిన్న పిల్లాడు కూడా చెప్పగలడు. శుభ్రంగా ఉండడమే కళ అనుకున్న కాలం అది. ఆ శుభ్రతలోనూ ఒక అందం ఉందని నేను ఒప్పుకుంటాను.

తిరుగుబాటు లోపలి నుంచే వచ్చింది. 1971లో కావలియర్స్ అనే జట్టు సర్కస్ ఇతివృత్తంతో షో చేసింది. న్యూజెర్సీ జట్టు గార్ఫీల్డ్ కేడెట్స్ అయితే, వియత్నాం యుద్ధం సాగుతున్న ఆ రోజుల్లో, మైదానం మీద శాంతి చిహ్నం గీసింది. మాజీ సైనికులు నడిపే పోటీలో ఆ పని చెయ్యడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవచ్చు. నియమాల్లోనూ డబ్బుల్లోనూ తమ మాట చెల్లడం లేదని విసిగిన జట్లు అదే ఏడాది కలిసి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పెట్టుకున్నాయి. క్లుప్తంగా దాన్ని డీసీఐ అంటారు. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో తొలి చాంపియన్‌షిప్ జరిగింది. అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచింది. సంస్థ మారింది కానీ టిక్ మాత్రం మరో పదేళ్లకు పైగా బతికింది.

దాన్ని కదిలించినవాళ్లలో నాకు ముందు గుర్తొచ్చే పేరు జార్జ్ జింగాలి. కేడెట్స్‌కి డ్రిల్, అంటే మైదానంలో ఎవరు ఎప్పుడు ఎటు కదలాలో, రాసినవాడు. అద్దంలో బొమ్మల పద్ధతిని పక్కకు నెట్టి, ఒక ఆకారం కరిగి ఇంకో ఆకారంలోకి జారుతున్నట్టు, పిల్లలు పరుగులాంటి వేగంతో కదులుతూ వాయించేలా రాశాడు. పాత కళ్లకు అది గందరగోళం. ఏది వరసో, ఎక్కడ తప్పో తెలియకపోతే టిక్ ఎక్కడ వెయ్యాలి? 1983లో మయామిలో కేడెట్స్ గెలిచింది. 1984 సీజన్‌కి టిక్ పద్ధతి పోయింది. 1984, 1985లలో కూడా అదే జట్టు గెలిచింది. డీసీఐలో వరసగా మూడేళ్లు గెలిచిన మొదటి జట్టు అదే.

కొత్త పద్ధతిలో జడ్జి మార్కులను కింది నుంచి పైకి కడతాడు. ఒక పక్క ఏం చేశారు, ఇంకో పక్క ఎలా చేశారు, రెండింటికీ విడి మార్కులు. కష్టానికి ఎట్టకేలకు ఒక గడి దొరికింది. కానీ అక్కడే కొత్త చిక్కు పుట్టింది. తప్పును లెక్కపెట్టవచ్చు, కష్టాన్ని లెక్కపెట్టలేం. గంతులేస్తూ వాయించిన నాలుగు స్వరాలు కష్టమా, కదలకుండా వాయించిన నలభై స్వరాలు కష్టమా? నెమ్మదిగా, దాదాపు వినపడనంత మెత్తగా ఊదుతూ వెనక్కి నడవడం అన్నిటికంటే కష్టమని వాయించిన ఎవర్ని అడిగినా చెబుతారు. స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లకు మాత్రం అది ఖాళీగా అనిపిస్తుంది. మన కచేరీల్లోనూ తని ఆవర్తనం అయ్యాక, "లెక్కలే తప్ప సుఖం లేదు" అని పెద్దవాళ్లు విసుక్కోవడం విన్నాం కదా. ఇక్కడ ఆ విసుగు మార్కుల కాగితం మీదికి ఎక్కింది.

ఇప్పుడు 1993 దగ్గరికి. స్టార్ ఆఫ్ ఇండియానా బ్లూమింగ్టన్ వ్యాపారి బిల్ కుక్ స్థాపించిన జట్టు. 1985లో బరిలోకి దిగి 1991లో గెలిచేసింది. డబ్బున్న జట్టని మొదటి నుంచీ కొందరికి కడుపుమంట. 1993లో వాళ్లు బార్బర్, బార్టోక్ అనే ఇరవయ్యో శతాబ్దపు స్వరకర్తల సంగీతం తీసుకున్నారు. కరుకైన స్వరాలు, చప్పట్లకు ఆగని నడక, వాద్యం పక్కన పెట్టి ఒళ్లంతా ఒకేసారి విరిచే కదలికలు. పాట చివర కొమ్ములు పైకెత్తి స్టేడియం అదిరేలా ఊదే అలవాటును వదిలేశారు. ఆ వేసవిలో కొన్ని చోట్ల ప్రేక్షకులు వాళ్లను గేలి చేశారు. ఇరవై ఏళ్లు నిండీ నిండని పిల్లల మీద అలా అరవడం అన్యాయమని ఇన్నేళ్ల తర్వాత వీడియో చూసినా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఆ ఫైనల్లో వాళ్లను దాటి గెలిచినది కేడెట్సే. పదేళ్ల కింద కొత్తదనానికి పేరుగా నిలిచిన జట్టు, ఈసారి జనం కోరుకున్న వేగం, చప్పుడు ఇచ్చిన జట్టు. స్టార్ పోటీని వదిలి కెనడియన్ బ్రాస్ అనే ఇత్తడి వాద్య బృందంతో కలిసి వేదిక ఎక్కింది. ఆ దారి చివరికి 'బ్లాస్ట్!' అనే ప్రదర్శన అయి, 2001లో అమెరికా నాటకరంగంలో పేరున్న టోనీ అవార్డు తెచ్చుకుంది. కలర్ గార్డ్ నుంచి ఇత్తడి వరుస దాకా అందరూ ఒళ్లుతో నాట్యం చెయ్యడం ఈ రోజు ప్రతి జట్టుకూ మామూలే. ఆ దారి వేసినవాళ్లలో 1993 స్టార్‌ది పెద్ద చెయ్యి.

ఈ ఏళ్లలోనే వాద్యాల నియమాలూ ఒక్కొక్కటే సడలుతూ వచ్చాయి. 1990లో మూడు వాల్వుల బ్యూగుల్ (సైనిక కొమ్ము), 2000లో ఏ శ్రుతి ఇత్తడి అయినా సరే, 2004లో మైకులు, 2009లో సింథసైజర్లు, 2014లో ట్రాంబోన్లు. ప్రతిసారీ "ఇక ఇది డ్రమ్ కోరే కాదు" అన్నారు. వీటిలో చాలావరకు ఆ భయం నిలవలేదు. 2014లో బ్లూకోట్స్ జట్టు తన 'టిల్ట్' షోలో స్వరాన్ని కిందికి వంచినట్టు జార్చినప్పుడు, ఎలక్ట్రానిక్స్‌తో కొత్త రుచి రాగలదని పాతవాళ్లు కూడా ఒప్పుకున్నారు.

అదే 2014లో కాలిఫోర్నియా జట్టు బ్లూ డెవిల్స్ 99.65తో డీసీఐ చరిత్రలోనే అత్యధిక స్కోరు సాధించింది. ఇరవైకి పైగా టైటిళ్లున్న ఈ జట్టు మీద ఉన్న ఫిర్యాదు కూడా కష్టం గురించే. చిన్న చిన్న ముక్కలుగా కదిలి, ఆగి, కష్టమైన సంగీతం నిలబడి ఊదుతారని, దీన్ని 'పార్క్ అండ్ బార్క్' అని అభిమానులు ఎత్తిపొడుస్తారు. ఆగి వాయించిన ఆ సంగీతం ఎంత చిక్కుముడిగా ఉంటుందో, గార్డ్, డ్రమ్ములు, ఇత్తడి ఒకదానిలో ఒకటి ఎలా అల్లుకుంటాయో రెండోసారి చూస్తేగానీ తెలియదు. కష్టం ముందు చేతుల్లో ఉండేది, జింగాలి కాళ్లలోకి తెచ్చాడు, స్టార్ ఒంట్లోకి తెచ్చింది, ఇప్పుడు అల్లికలో ఉంది. పోయిందనేవాళ్లు దాన్ని పాత చోట వెతుకుతున్నారు.

అయినా ప్రేక్షకుల పక్షాన ఒక ఫిర్యాదును నేను గట్టిగా సమర్థిస్తాను. ఇత్తడి వరుస ముందు కొద్దిమందికి మైకులు పెట్టి, కింద సింథసైజర్ బేస్ పోస్తే, డెబ్బై ఎనభై మంది ఊపిరి బిగబట్టి సంపాదించిన శబ్దం స్పీకర్ల వెనక పడిపోతుంది. అక్కడ మార్కు ఎవరి శ్రమకు వేస్తున్నామో తెలియదు. పైగా స్పీకర్లు, ర్యాంపులు, తెరలు లారీలకెక్కాలంటే డబ్బు కావాలి, చిన్న జట్లకు ఆ స్తోమత లేదు. ఒక సీజన్‌కి పిల్లలు కట్టే ఫీజే వేల డాలర్లు.

జడ్జీలు షో చూస్తూనే తమ వ్యాఖ్యానాన్ని రికార్డు చేస్తారు. ఎక్కడ ఏది కష్టం, ఎందుకు మార్కు పెరిగింది అన్నది ఆ రికార్డింగుల్లో ఉంటుంది. అవి జట్టు శిక్షకులకు అందుతాయి. స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లకు అంకె మాత్రమే వినిపిస్తుంది. కొన్నింటినైనా సీజన్ అయ్యాక అందరికీ వినిపించమని నేను డీసీఐని కోరతాను. 1993 నాటి జడ్జీల గొంతులతో మొదలుపెడితే మరీ మంచిది.