డిటర్జెంట్ సీసా మెడ మీద ఆ చివరి చుక్క

వాషింగ్ మెషీన్ పక్కన పెట్టిన లిక్విడ్ డిటర్జెంట్ సీసాను ఒకసారి పైకెత్తి చూడండి. అడుగు చర్రుమంటూ ఊడొస్తుంది. కింద గుండ్రటి మరక, దానికి అంటుకున్న దుమ్ము, నూలుపోగులు. ఒంపిన ప్రతిసారీ చివరి చుక్క మూతి దాటి, బయటివైపు మెడ మీదుగా జారి అక్కడికే చేరుతుంది. కారకూడదని నెమ్మదిగా, జాగ్రత్తగా ఒంపుతాం. కానీ నెమ్మదిగా ఒంపినప్పుడే ఎక్కువ కారుతుంది.

టీ కెటిల్‌తో ఇది అందరికీ అనుభవమే. ధార జోరుగా ఉంటే కొమ్ము అంచు నుంచి తెగి కప్పులో పడుతుంది. జోరు తగ్గితే అంచు చుట్టూ మలుపు తిరిగి, కొమ్ము కిందివైపుకు అతుక్కుని కారుతుంది. దీన్ని టీపాట్ ఎఫెక్ట్ అంటారు. 1956లో ద్రవాల ప్రవాహాన్ని అధ్యయనం చేసే శాస్త్రవేత్త మార్కస్ రైనర్ ఈ విషయం మీద రాశారు. మరుసటి ఏడాది గణిత శాస్త్రవేత్త జోసెఫ్ కెల్లర్ దీనికి లెక్క కట్టారు. ధార అంచు దగ్గర మలుపు తిరిగేటప్పుడు గోడవైపు ద్రవంలో పీడనం తగ్గుతుంది, అప్పుడు బయటి గాలి ధారను గోడకేసి అదుముతుంది అన్నది ఆయన వివరణ. అయితే కథ అంతటితో అయిపోలేదు. ఫ్రాన్స్‌లోని లియోన్ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది. ద్రవం ఆ అంచును ఎంత బాగా తడుపుతుందన్నది కూడా చాలా ముఖ్యం. నీరు అంటని పూత పూస్తే ధార అతుక్కోవడం బాగా తగ్గిపోయింది.

డిటర్జెంట్‌తో చిక్కంతా ఈ తడపడం దగ్గరే ఉంది.

ఖాళీ అయిన సీసాను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పక్కకు పడుకోబెట్టండి. దాని మీద ఒక చుక్క నీళ్లు, ఒక చుక్క డిటర్జెంట్ వేసి చూడండి. నీటి చుక్క ముత్యంలా ఉబ్బి నిలబడుతుంది. డిటర్జెంట్ చుక్క మాత్రం చూస్తుండగానే చదునై, అంచులు పలచబడి పాకుతుంది. కారణం తలతన్యత, అంటే ద్రవం పైపొరను ముడుచుకునేలా లాగి ఉంచే బలం. గది ఉష్ణోగ్రతలో నీటి తలతన్యత మీటరుకు దాదాపు 73 మిల్లీన్యూటన్లు. డిటర్జెంట్‌లో జిడ్డును వదిలించే పదార్థాలైన సర్ఫాక్టెంట్లు దాన్ని 30 దరిదాపులకు దించేస్తాయి. సీసాలకు ఎక్కువగా వాడే పాలిథీన్ ప్లాస్టిక్‌ను ద్రవం పూర్తిగా తడపాలంటే, ద్రవపు తలతన్యత ఇంచుమించు అంతే, లేదా అంతకంటే తక్కువ ఉండాలి. అందుకే నీరు దూరంగా ఉండే చోట డిటర్జెంట్ హాయిగా పరుచుకుంటుంది. బట్టల పోగుల్లోకి దూరి జిడ్డును లాగే గుణమూ, సీసా మెడను పట్టుకుని కిందికి పాకే గుణమూ ఒకటే. ఒకటి కావాలంటే రెండోదాన్ని భరించక తప్పదు.

అందుకే పాత చిట్కా ఒకటి ఇక్కడ పనికిరాదు. పాలు ఒంపే గిన్నె అంచుకు కాస్త నెయ్యో వెన్నో రాస్తే ధార కిందికి పాకదు. నిజమే, పాలలో ఎక్కువ భాగం నీరే కాబట్టి జిడ్డుకు దూరంగా జరుగుతుంది. డిటర్జెంట్ సీసా మూతికి నూనో వాజిలీనో రాశారనుకోండి, జిడ్డును కరిగించడమే దాని పని కదా!

పనికొచ్చే చిట్కాల్లో మొదటిది మన చేతిలోనే ఉంది. ధారను సన్నగా సాగదీయకుండా ఒక్క ఊపులో ఒంపి, ఆపేటప్పుడు సీసాను కాస్త తిప్పుతూ చటుక్కున నిటారుగా లేపాలి. చివరి చుక్క ఒకేచోట పోగుపడకుండా మూతి చుట్టూ పరుచుకుంటుంది, లోపలికి జారే వీలు దొరుకుతుంది. పెద్ద క్యాన్‌లో మూతి ఒక పక్కకు ఉంటే, ఆ మూతి పైవైపుకు వచ్చేలా పట్టుకుని ఒంపండి. గాలి లోపలికి సాఫీగా వెళ్తుంది, గబుక్కు గబుక్కుమని చిందదు.

చాలా సీసాల మెడలో ఒంపే కొమ్ము చుట్టూ చిన్న గాడి, దాని అడుగున ఒక రంధ్రమో చీలికో ఉంటాయి. కారినది తిరిగి సీసాలోకి పోవడానికి పెట్టిన దారి అది. ఎండిన డిటర్జెంట్‌తో అది పూడుకుపోతే గాడి నిండి బయటికి పొర్లుతుంది. గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్, ఒక టూత్‌పిక్ చాలు. నా లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. సీసా తయారుచేసినవాళ్లే ఇచ్చిన పరిష్కారం మన కళ్లెదుటే మూసుకుపోయి ఉంటుంది.

కుళాయి ఉన్న పెద్ద డబ్బాలతో ఇంకో తంటా. కట్టేశాక కూడా చాలాసేపు చుక్కలు పడతాయి. కుళాయి పాడైందని అనుకుంటాం. చాలాసార్లు అది లీకేజీ కాదు, గొట్టం లోపలి గోడకు పట్టిన పొర దిగడమే. చిక్కటి ద్రవం గోడ మీద నుంచి దిగే కొద్దీ పొర పలచబడుతుంది, పలచబడిన పొర ఇంకా నెమ్మదిగా దిగుతుంది. పొర మందం సగం కావాలంటే మొదటి నుంచి లెక్కేస్తే మొత్తం సమయం అప్పటిదాకా పట్టినదానికి నాలుగింతలు అవుతుంది. అందుకే ఇక్కడ ఎదురుచూసి లాభం లేదు, కింద చిన్న కప్పు పెట్టడమే మేలు. అందులో చేరినది తర్వాతి ఉతుక్కి వాడుకోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం ఆ కప్పును వాళ్లకు అందేలా ఉంచకండి.

ఇక నాకు బాగా నచ్చిన ఉపాయం, పాత సాక్సు. పైభాగం నాలుగు వేళ్ల వెడల్పున కత్తిరించి, సీసా మెడకు పట్టీలా తొడగండి. జారితే రబ్బరు బ్యాండు వేయండి. ఉత్త రబ్బరు బ్యాండు చుక్కను కాసేపు ఆపుతుందే గానీ, నిండాక దాని మీదుగా దాటిపోతుంది. నూలు అలా కాదు. పోగుల మధ్య సందులు సన్నటి గొట్టాల్లా ద్రవాన్ని లోపలికి లాక్కుంటాయి, దీపపు వత్తి నూనెను లాక్కున్నట్టు. పాకే గుణం ఇక్కడ మనకే పనికొస్తుంది. డిటర్జెంట్ నూలును ఇట్టే తడుపుతుంది, తడిపిన చోటే చిక్కుకుంటుంది. సాక్సులో నైలాన్ కంటే నూలు వాటా ఎక్కువుంటే బాగా పీలుస్తుంది. పట్టీ కొస కిందికి వేలాడకుండా చూసుకోండి, లేదంటే తడి ఆ కొస దాకా దిగి అక్కడి నుంచి చుక్కలు పడతాయి.

ఇప్పటికే నేల మీద కారి ఉంటే వెంటనే నీళ్లు పోయకండి. నురగ లేచి, జారుడు మరింత దూరం పాకుతుంది. ముందు పొడిగుడ్డతో ఎత్తేసి, ఆ తర్వాత తడిగుడ్డ పెట్టండి. సాక్సు పట్టీ తడిసి బరువెక్కినప్పుడు తీసి బట్టలతో పాటే మెషీన్‌లో వేసేయండి. అది పీల్చుకున్నదంతా ఆ విడత ఉతుక్కి పనికొస్తుంది, కాబట్టి ఆ రోజు మూతలో కాస్త తక్కువ పోసుకోండి.